కొత్త వ్యానుకు గృహప్రవేశం ఇంగ్లండ్‌లోనే చేయండి

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మేము పన్నెండేళ్లుగా ఇంగ్లండ్‌లో, ప్రస్తుతం రెడింగ్‌లో ఉంటున్నాము. మూడు వారాల క్రితం, ఫిబ్రవరి మొదట్లో, కొత్త క్యాంపర్ వ్యాను కొన్నాము. ఫియట్ డుకాటో మీద కట్టినది, ఆరు మీటర్ల పొడవు, నాలుగు సీట్లు, నలుగురు పడుకునే వీలు. ఇంతవరకు రెండుసార్లు సూపర్‌మార్కెట్‌కు తీసుకెళ్లడమే తప్ప దానిలో ఒక్క రాత్రి కూడా గడపలేదు. ఆగస్టు సెలవుల్లో పది రోజుల్లో పారిస్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్, వెనిస్ చూసి రావాలని అనుకుంటున్నాము. నాకూ, తొమ్మిదేళ్ల మా బాబుకూ, ఆరేళ్ల పాపకూ బ్రిటిష్ పాస్‌పోర్టులు ఉన్నాయి. నా భార్యది భారత పాస్‌పోర్టు. జూన్‌లో మా అమ్మ తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వస్తోంది. ఆమెను కూడా తీసుకెళ్లాలని ఉంది. సీటు చాలకపోతే పిల్లలు వెనక మంచం మీద పడుకుని వస్తారు. ఏయే కాగితాలు కావాలి, గ్యాస్ బండతో సముద్రం దాటనిస్తారా, కుడివైపు నడపడం కష్టమా, రాత్రిళ్లు ఎక్కడ ఆగాలి, వ్యానులో మన వంట సాగుతుందా, దయచేసి చెప్పండి. (ఒక పాఠకుడు, రెడింగ్)

సమాధానం: మీరు అడిగినవాటి కంటే ముందు, అడగని విషయం ఒకటి చెప్పాలి. మీకు వ్యాను కొత్త, కుడివైపు రోడ్డు కొత్త, ఆ దేశం కొత్త. ఈ మూడింటినీ ఒకే ఉదయం నెత్తికెత్తుకోబోతున్నారు. రోడ్డునూ దేశాన్నీ ఇంట్లో కూర్చుని అలవాటు చేసుకోలేరు కానీ, వ్యానును మాత్రం చేసుకోవచ్చు. అందుకని సముద్రం దాటే ముందు కనీసం రెండు రాత్రులు, మీకు గంటన్నర దూరంలో ఉన్న న్యూ ఫారెస్ట్‌లోనో మరోచోటో, ఒక క్యాంప్‌సైట్‌లో ఆ వ్యానులో పడుకోండి. కొత్త ఇంట్లో పాలు పొంగించినట్టు దాని పొయ్యి మీద కూడా పాలు పొంగించండి. గ్యాసు సరిగా వస్తోందో లేదో ఆ పూటే తెలిసిపోతుంది. నీళ్ల ట్యాంకు నిండా నింపి, పంపు వేసి, సింకు కింద, మంచం కింద, ప్రతి గొట్టం అతుకు దగ్గరా పొడి టిష్యూ కాగితం పెట్టి తెల్లారి చూడండి. ఫ్రిజ్ గ్యాసు మీద, బ్యాటరీ మీద, కరెంటు మీద వేటి మీద నడుస్తుందో విడివిడిగా పరీక్షించండి. టాయిలెట్ క్యాసెట్‌ను, అంటే మలినాలు చేరే డబ్బాను, ఒకసారి మీ చేతులతో తీసి, ఖాళీ చేసి, కడిగి పెట్టండి. నలుగురికి అది రెండు మూడు రోజుల్లోనే నిండిపోతుంది కాబట్టి, ఆ పని ఎవరిదో మర్యాదగా ముందే తేల్చుకోవడం మంచిది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అనుభవమే. మొదటి వ్యాను కొన్న ఏడాది ఇలాంటి పరీక్ష ఏదీ చేయకుండానే మేము బ్రిటనీ తీరానికి వెళ్లాము. రెండో రోజు రాత్రి రెండు గంటలకు మా అబ్బాయి "నాన్నా, పరుపు తడిగా ఉంది" అని లేపితే, తప్పు వాడిదేనని కసిరాను. తీరా చూస్తే సింకు కింద నీటి గొట్టానికి వేసిన క్లిప్పు సగమే బిగిసి ఉంది. పంపు ఆపకుండా పడుకున్నందువల్ల రాత్రంతా నీరు కారి, పరుపుతో పాటు అరలోని బియ్యం సంచీ కూడా నానిపోయింది. స్క్రూడ్రైవరుతో రెండు చుట్లు తిప్పితే ఆగే కారుడు అది. ఆ స్క్రూడ్రైవరు ఇంట్లో గరాజులో ఉంది. అమ్మినవారికి ఫోన్ చేస్తే "తీసుకురండి, చూస్తాము" అన్నారు. కొత్త వ్యానుకు సాధారణంగా రెండు వారంటీలు ఉంటాయన్న సంగతి నాకు అప్పుడు బోధపడింది. ఇంజను, గేరు, బ్రేకుల వంటి అసలు వాహనానికి ఇచ్చే వారంటీ ఒకటి. మంచాలు, పొయ్యి, గొట్టాలు, వైరింగు అమర్చినవారు ఇచ్చేది మరొకటి. మొదటిదానికి ఐరోపాలో చాలాచోట్ల ఆ కంపెనీ వర్క్‌షాపులు దొరుకుతాయి. రెండోదానికి మాత్రం వ్యానును వెనక్కి, అమర్చినవారి గుమ్మం దాకా తేవాల్సి ఉంటుంది.

ఇక సీట్ల సంగతి. బెల్టులున్న సీట్లు నాలుగే అయినప్పుడు ఆ వ్యానులో ప్రయాణించేది నలుగురే. పిల్లలను మంచం మీద పడుకోబెట్టి నడపడమనే ఆలోచన దయచేసి పూర్తిగా మానుకోండి. ఫ్రాన్స్‌లో పదేళ్ల లోపు పిల్లలు వెనక సీట్లోనే, వయసుకు తగిన చైల్డ్ సీటులో కూర్చోవాలి. మీ పిల్లలిద్దరికీ ఆ నియమం వర్తిస్తుంది. చట్టం మాట అటుంచినా, గట్టిగా బ్రేకు వేసిన క్షణంలో మంచం మీది పిల్లలను పట్టి ఆపేది ఏదీ ఉండదు. అమ్మగారికి వీసా చిక్కు కూడా ఉంది. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ వంటి దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు సాధారణంగా తాము నివసించే దేశంలోనే దరఖాస్తు చేయాలి; విజిటర్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చాక అక్కడి నుంచి చేస్తామంటే మామూలుగా తీసుకోరు. ఆవిడ తెనాలిలో ఉండగానే భారతదేశంలో వీసా తీసుకున్నా, ఐదో సీటు ఎక్కడి నుంచీ రాదు. అలాగని పెద్దావిడను పది రోజులు రెడింగ్‌లో ఒంటరిగా వదిలి వెళ్లడమూ బాగుండదు. అందువల్ల ఈ మొదటి ప్రయాణాన్ని ఆగస్టు నుంచి ముందుకు జరిపి, ఆవిడ రాకముందే, మే నెలాఖరులో బడులకు ఇచ్చే వారం సెలవుల్లో పెట్టుకోండి. శని, ఆదివారాలు అటూ ఇటూ కలుపుకుంటే తొమ్మిది రోజులు వస్తాయి. ఆగస్టులో అమ్మగారితో వేల్స్‌కో స్కాట్లాండ్‌కో వెళ్లండి. వెనకాల మీ కారును ఇంకొకరు నడుపుకుంటూ వస్తే సీటు సమస్యా వీసా సమస్యా రెండూ ఉండవు.

మే నెల అనగానే వెనిస్ ఎలాగూ జారిపోతుంది, అదే నయం. మీరు గీసుకున్న దారి రానూపోనూ సుమారు 3,000 కిలోమీటర్లు. పది రోజుల్లో అంత దూరమంటే పిల్లలు చూసేది ఎక్కువగా వ్యాను కిటికీనే. పైగా స్విట్జర్లాండ్ మోటార్‌వేల మీద ఒక్కరోజు నడిపినా 40 ఫ్రాంకులు పెట్టి ఏడాది విన్యెట్ (రోడ్డు పన్ను స్టిక్కరు) కొనాల్సిందే. నేనైతే ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని నార్మండీతో సరిపెట్టుకుంటాను. మీ రెడింగ్‌కు డోవర్ కన్నా పోర్ట్స్‌మత్ చాలా దగ్గర. అక్కడ ఉదయం ఫెర్రీ ఎక్కితే సుమారు ఆరు గంటల్లో కాన్ నగరం పక్కనున్న ఉయిస్ట్రెహామ్ రేవులో దిగుతారు. టికెట్టు డోవర్‌ కంటే ఖరీదే కానీ, దిగేసరికి ఇంకా వెలుతురు ఉంటుంది, రేవుకు పది కిలోమీటర్ల లోపే క్యాంప్‌సైట్లు ఉన్నాయి. కుడివైపు నడపడంలో మొదటి పాఠం పావుగంటలో ముగుస్తుంది. మర్నాడు టోలు లేని ఏ84 రోడ్డు మీదుగా సముద్రపు రాతిదిబ్బ మీది మఠం మోన్ సాన్ మిషెల్, అక్కడి నుంచి వెనక్కి తిరిగి, 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సైన్యాలు కట్టిన కృత్రిమ రేవు దిమ్మెలు ఇప్పటికీ సముద్రంలో కనిపించే ఆరోమాన్ష్, తర్వాత ఓన్‌ఫ్లర్ రేవు పట్టణం, సోమ్ నది సముద్రంలో కలిసే చోటు, చివరికి డోవర్‌కు ఓడలు బయలుదేరే కలే. ఏ రోజూ 200 కిలోమీటర్లు దాటనవసరం లేదు. చివరి రోజు తీరిక ఉంటే కలేకు వంద కిలోమీటర్ల లోపే ఉన్న నవ్ షాపెల్ దగ్గర ఆగండి. మొదటి ప్రపంచ యుద్ధంలో పశ్చిమ ఐరోపా రంగంలో చనిపోయి, సమాధులు కూడా దొరకని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, శ్రామికుల పేర్లు 1927లో ప్రారంభించిన అక్కడి స్మారకం మీద చెక్కి ఉన్నాయి. ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లలో దాన్ని చూసి వచ్చినవారు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు, అంతే.

దారి ముందే తేల్చుకోవాల్సింది మీ భార్య వీసా కోసం కూడా. షెంగెన్ దేశాల్లో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి కాబట్టి, మీ పాత పథకంతో అయితే ఏ దేశానికి చేయాలన్నదే ఒక తగువు. నార్మండీ అయితే నేరుగా ఫ్రాన్స్‌కే. భర్త బ్రిటిష్ పౌరుడైతే వీసా అక్కరలేదని కొందరు చెబుతుంటారు. యూరోపియన్ యూనియన్ పౌరుల కుటుంబాలకున్న వెసులుబాటు బ్రెగ్జిట్ తర్వాత మీకు లేదు. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం వారి ఛార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవి దగ్గరపడితే అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి ఈ వారమే చూడండి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా, రాత్రి బసల ఆధారాలు అడుగుతారు. వ్యానే మా ఇల్లని రాస్తే సరిపోదు, క్యాంప్‌సైట్ బుకింగులు చూపించండి. మీ బ్రిటిష్ పాస్‌పోర్టులు ఫ్రాన్స్‌లో అడుగుపెట్టే రోజుకు జారీ అయి పదేళ్లు దాటకూడదు, తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా చెల్లాలి. 2025 అక్టోబరు 12న మొదలైన ఈఈఎస్ అనే కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర ఫొటో, వేలిముద్రలు నమోదు చేసుకుంటారు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వేలిముద్రలు ఉండవు. మొదటిసారి కాస్త ఆలస్యం అవుతుందని గ్రహించి ఓపికతో వెళ్లండి.

వ్యాను కాగితాల్లో వీ5సీ లాగ్‌బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం) అసలుది మీ దగ్గర ఉండాలి. కొత్త వాహనానికి అది పోస్టులో రావడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక, ఇంకా రాకపోతే ఇప్పుడే ఆరా తీయండి. అప్పు మీద కొని ఉంటే దేశం దాటించడానికి ఫైనాన్స్ సంస్థ అనుమతి కావాలేమో ఒప్పందంలో చూసుకోండి. విదేశంలోనూ బీమా ఉందని చూపే గ్రీన్ కార్డు 2021 ఆగస్టు నుంచి అక్కరలేదు, పాలసీ సర్టిఫికెట్ చాలు. వాహనం ఏ దేశానిదో చెప్పే పాత జీబీ స్టిక్కరు చెల్లదు, యూకే అని ఉన్నదే అతికించాలి. దారిలో వ్యాను చెడిపోతే ఆదుకునే బ్రేక్‌డౌన్ కవరు తీసుకునేటప్పుడు వ్యాను పొడవు, ఎత్తు, బరువు చెప్పి, దానికి వర్తిస్తుందని రాతపూర్వకంగా తీసుకోండి. కార్లకు ఇచ్చే పాలసీ చేతిలో పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డవారిని చూశాను.

బరువు గురించి మీరు అడగలేదు. కొత్తవారు ఎవరూ అడగరు. మామూలు కారు లైసెన్సుతో నడపగల క్యాంపర్ వ్యాను పూర్తి లోడుతో 3,500 కిలోలు దాటకూడదు, మీ డుకాటో కూడా ఆ హద్దుకే తయారై ఉండవచ్చు. ఖాళీ వ్యాను బరువు పోగా మిగిలేది తరచూ మూడు నాలుగు వందల కిలోలే. అందులోనే మనుషులు, నూరు లీటర్ల నీళ్లు అంటే నూరు కిలోలు, సైకిళ్లు, గుడారం, మన బియ్యం, పప్పులు, కుక్కరు అన్నీ ఇమడాలి. మన ఊళ్లలో లారీలను తూచే ధర్మకాటాల వంటివి ఇంగ్లండ్‌లోనూ ఉన్నాయి. సామానంతా ఎక్కించి, నలుగురూ కూర్చుని ఒకసారి తూయించండి. ఎక్కువ వస్తే ముందుగా నీళ్లు తగ్గించండి. క్యాంప్‌సైట్‌లో కుళాయి ఎలాగూ ఉంటుంది.

కుడివైపు నడపడానికి భయపడనక్కరలేదు, చుట్టూ పది వాహనాలు ఉన్నంతసేపూ అవే మిమ్మల్ని దారిలో పెడతాయి. పొరపాటు జరిగేది రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు: తెల్లవారి క్యాంప్‌సైట్ గేటు దాటేటప్పుడు, పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు. స్టీరింగు మీద ఒక చిన్న కాగితం అతికించి "కుడి" అని తెలుగులో రాసి పెట్టుకోండి. మా వ్యానులో అది ఇప్పటికీ ఉంది. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే వాహనానికే ముందు దారి ఇవ్వాలన్న అక్కడి నియమం పల్లెల్లో ఇప్పటికీ నడుస్తుంది. వేగం గంటకు ఊళ్లలో 50, పల్లె రోడ్ల మీద 80, మోటార్‌వే మీద 130, వాన పడితే 110 కిలోమీటర్లు; కొత్త వ్యానును వంద దాటించవద్దన్నది మాత్రం నా మాట. హెడ్‌లైట్ల కాంతి ఎదుటివారి కళ్లలో పడకుండా అతికించే డిఫ్లెక్టర్లు, త్రికోణపు హెచ్చరిక బోర్డు, చేతికందే చోట మెరుపు జాకెట్లు ఉండాలి. వ్యాను పక్క తలుపు ఏ వైపు ఉందో మీరు రాయలేదు. ఎడమవైపు ఉంటే అది ఫ్రాన్స్‌లో సరిగ్గా రోడ్డు మీదికే తెరుచుకుంటుంది. పిల్లలు అలవాటు కొద్దీ దూకకుండా, పెద్దవాళ్లు దిగి తెరిచేదాకా చైల్డ్ లాక్ వేసి ఉంచండి.

టోలు బూత్‌లు మీకు ఎడమవైపున, అంటే మీ భార్య కూర్చునే వైపున వస్తాయి కాబట్టి ఆ శాఖ ఆవిడదే. రెండు మీటర్లకు మించిన ఎత్తున్న మీ వ్యాను రెండో తరగతి కిందికి వస్తుంది, కారు కన్నా కొంచెం ఎక్కువ పడుతుంది. కాన్ నుంచి ఓన్‌ఫ్లర్ వైపు వెళ్లే ఏ13 మోటార్‌వే మీద బూత్‌లే తీసేశారు. కెమెరాలు నంబరు ప్లేటును చూస్తాయి, 72 గంటల్లోపు మీరే ఆన్‌లైన్‌లో కట్టాలి. గేటు కనిపించలేదు కదా, ఉచితమేమో అనుకుని ఇల్లు చేరినవారికి తర్వాత జరిమానా కాగితం వస్తుంది. వ్యాను ఎత్తును మీటర్లలో రాసి అద్దం దగ్గర అతికించుకోండి. సముద్రతీరాల పార్కింగుల్లో రెండు మీటర్ల అడ్డుకమ్ములు తరచూ ఉంటాయి.

గ్యాస్ బండకు అడ్డేమీ లేదు, వంటకు వాడేదైతే ఫెర్రీలోనూ, కలే నుంచి సముద్రం కింది సొరంగంలో వాహనాలను దాటించే రైలులోనూ పరిమితికి లోబడి అనుమతిస్తారు. వాల్వు మాత్రం పూర్తిగా కట్టేయాలి. ఇంగ్లండ్ బండను ఫ్రాన్స్‌లో ఇచ్చి నిండుది తీసుకోవడం కుదరదు కనుక నిండుగా తీసుకెళ్లండి. తొమ్మిది రోజుల వంటకు ఆరు కిలోల బండ సరిపోతుంది.

మొదటిసారి కనుక రాత్రిళ్లు క్యాంప్‌సైట్లలోనే ఆగండి. ఊరి పంచాయతీలు నడిపే మునిసిపల్ క్యాంప్‌సైట్లు చవక, శుభ్రం. క్యాంపర్ వ్యానుల కోసం చాలా ఊళ్లలో ఉండే ఏర్ అనే పార్కింగులు ఇంకా చవక. అక్కడ పడుకోవచ్చు కానీ గొడుగు వేసి, కుర్చీలు పరిచి సంసారం పెట్టకూడదు. మోటార్‌వే పక్కన విశ్రాంతి స్థలాల్లో మాత్రం రాత్రి నిద్ర వద్దు, దొంగతనాలు జరుగుతాయి.

వంట విషయంలో లెక్క తెలిస్తే ఇబ్బంది లేదు. ఫ్రాన్స్‌లో చాలా క్యాంప్‌సైట్లు ఇచ్చేది ఆరు ఆంపియర్ల కరెంటు, అంటే సుమారు 1,380 వాట్లు. ఇంగ్లండ్ ఇళ్లలోని కెటిల్ ఒక్కటే రెండు మూడు వేల వాట్లు లాగుతుంది. దాన్ని పెట్టగానే మీ స్తంభం దగ్గర కరెంటు పోయి, ఆఫీసు తెరిచేదాకా చీకట్లో కూర్చోవాల్సి వస్తుంది. 700 వాట్ల రైస్ కుక్కరు నడుస్తుంది, 750 వాట్ల మిక్సీ నడుస్తుంది, రెండూ కలిపి నడవవు. అన్నం దిగాకే పచ్చడి రుబ్బుకోండి, నీళ్లు గ్యాసు మీద కాచుకోండి. కొన్ని పాత క్యాంప్‌సైట్లలో నీలం రంగు మూడు పిన్నుల ప్లగ్గు పట్టదు, ఫ్రెంచి రెండు పిన్నుల అడాప్టరు కావాలి. ఆ సాకెట్లలో ఒక్కోసారి ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటాయి; అప్పుడు స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉండిపోతుంది. దాన్ని కనిపెట్టే చిన్న టెస్టరు ప్లగ్గు ఒకటి కొనుక్కుని, ఊరు మారినప్పుడల్లా గుచ్చి చూడండి.

ఇంటి నుంచి తీసుకెళ్లే సరుకుల్లో బియ్యం, పప్పు, కారం, ఆవకాయ నిశ్చింతగా పెట్టుకోండి. మాంసం, పాలు, పాలతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు కాబట్టి నెయ్యి, పెరుగు, పనీరు, పాలకోవా ఇంట్లోనే వదిలేయండి. పచ్చి కరివేపాకు కూడా అంతే, ఎండబెట్టి పొడి చేసి పట్టుకెళ్లండి. నార్మండీ పాడికి పేరున్న సీమ, వెన్న అక్కడే కొని వ్యానులోనే కాచుకుంటే చక్కటి నెయ్యి అవుతుంది, తోడుకు కావలసిన పెరుగు ప్రతి అంగట్లోనూ దొరుకుతుంది. అయితే ఆ వెన్నా, చీజూ మిగిలితే వెంట తెచ్చుకోవచ్చని అనుకోకండి. 2025 ఏప్రిల్ 12 నుంచి ఐరోపా నుంచి మాంసం, పాల పదార్థాలు వెంట తేవడాన్ని బ్రిటన్ నిషేధించింది. మీరు బయలుదేరే ముందు ఆ నియమం ఎలా ఉందో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకుని, అప్పటికీ ఉంటే ఫ్రిజ్‌లో మిగిలిన చీజ్‌ను కలే రేవు ముందరి పార్కింగులో రొట్టెతో ముగించి ఓడ ఎక్కండి.